తెలుగు వెబ్‌సైటును అందరికీ అందుబాటులోకి తేవడం ఎలా: ఒక సమగ్ర మార్గదర్శి

కళాశాలకో, గ్రంథాలయానికో, పత్రికకో, సహకార సంఘానికో, చిన్న దుకాణానికో తెలుగులో వెబ్‌సైటు నడుపుతున్నవారినీ, అలాంటివారికి సైటు కట్టి ఇచ్చే డెవలపర్లనూ దృష్టిలో పెట్టుకొని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. కంటిచూపు లేనివారు, చూపు మందగించినవారు, చెవులు వినిపించనివారు, చేతివేళ్లు స్వాధీనంలో లేనివారు, చదువులో తడబడేవారు మీ సైటును ఎవరి సాయమూ లేకుండా వాడుకోగలగాలి. యాక్సెసిబిలిటీ అనే మాటకు ఇక్కడ ఇంతకు మించిన అర్థం లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు ఉన్నారు. వయసు మీదపడి చూపు తగ్గినవారినీ, చేయి విరిగి కట్టు కట్టించుకున్నవారినీ ఆ లెక్క కలుపుకోదు.

ఈ పనికి ప్రపంచమంతా వాడే కొలబద్ద డబ్ల్యూసీఏజీ అనే మార్గదర్శకాల సంపుటి. దాని మొదటి రూపం 1999లో వచ్చింది, 2008లో 2.0, 2018లో 2.1, 2023లో 2.2 వెలువడ్డాయి. అందులో ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని మూడు స్థాయిలుంటాయి. చట్టాలూ ప్రభుత్వ మార్గదర్శకాలూ సాధారణంగా కోరేది డబుల్ ఏ స్థాయిని. అయితే ఆ సంపుటిని మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదివి ఆ వరుసలోనే పని మొదలుపెట్టమని నేను చెప్పను. తెలుగు సైట్లలో పాఠకుణ్ణి గుమ్మం దగ్గరే ఆపేసే అడ్డంకులు కొన్ని ఉన్నాయి. ఇంగ్లీషు మార్గదర్శులు వాటిని పెద్దగా పట్టించుకోవు, ఎందుకంటే ఆ సమస్యలు వారికి లేవు. ముందు వాటిని తొలగించి, తక్కినవాటిని తరువాత చూడటమే సరైన వరుస.

మొదటి మెట్టు: అక్షరాన్ని అక్షరంగానే ఉంచండి

స్క్రీన్ రీడర్ అంటే తెర మీది అక్షరాలను గొంతుతో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. అది చదవాలంటే అక్కడ నిజమైన అక్షరాలు ఉండాలి. తెలుగు సైట్లలో ప్రకటనలు, పరీక్షల తేదీలు, దరఖాస్తు వివరాలు, సభల ఆహ్వానాలు చాలావరకు మూడు రూపాల్లో కనిపిస్తాయి: వాట్సాప్ కోసం తయారుచేసిన పోస్టరు బొమ్మగా, సంతకం పెట్టిన కాగితాన్ని స్కాన్ చేసిన పీడీఎఫ్‌గా, లేదా పేజ్‌మేకర్‌లో ‘అను’ వంటి పాత డీటీపీ ఫాంట్లతో కూర్చిన పీడీఎఫ్‌గా. మొదటి రెండింటిలో స్క్రీన్ రీడర్‌కు ఏమీ దొరకదు. మూడోది మరీ మోసకరం. కంటికి చక్కని తెలుగు కనిపిస్తుంది గానీ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలు; తెలుగు ఆకారాలను వాటిమీద అతికించారంతే. స్క్రీన్ రీడర్ ఆ సంకేతాలను ఉన్నవి ఉన్నట్టుగా చదివితే వినేవారికి గోలగా వినిపిస్తుంది.

పరీక్ష చాలా సులభం. పేజీలోనో పీడీఎఫ్‌లోనో ఒక వాక్యాన్ని మౌస్‌తో ఎంచి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో అతికించండి. అసలు ఎంచుకోవడానికే వీలులేకపోతే అది బొమ్మ. అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు పడితే అది పాత ఫాంటు. తెలుగే పడినా గుణింతాలూ ఒత్తులూ చోటు మారిపోయి పడితే, ప్రతి అక్షరానికీ తనదైన సంకేతమిచ్చే యూనికోడ్‌లో కూర్చినదే అయినా పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు చెడిందని అర్థం. భారతీయ భాషల పీడీఎఫ్‌లలో ఇది తరచుగా జరుగుతుంది. అందుకే విషయాన్ని ముందు వెబ్ పేజీగానే పెట్టి, ముద్రించుకోదలచినవారి కోసం అదనంగా పీడీఎఫ్ ఇవ్వమని నా సలహా. సంతకమున్న ప్రతి కచ్చితంగా పెట్టాల్సివస్తే దాని పూర్తి పాఠాన్ని పక్కనే టైపు చేసి పెట్టండి.

పాత సరుకును మార్చడానికి రెండు దారులున్నాయి. డీటీపీ ఫైలు చేతిలో ఉంటే పాత ఫాంటు నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. కాగితమో స్కానో మాత్రమే ఉంటే, బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చే ఓసీఆర్ వాడాలి. ఉచితంగా దొరికే టెసెరాక్ట్‌కూ, గూగుల్ డ్రైవ్‌కూ తెలుగు తెలుసు. ఏ దారిలో వెళ్లినా ఒకసారి మనిషి కూర్చుని దిద్దవలసిందే, ఎందుకంటే ప-వ, మ-య వంటి దగ్గరి పోలికల జంటలు తారుమారవుతాయి, ఒత్తులు జారిపోతాయి, అంకెలు తప్పుతాయి. ఫీజు మొత్తంలో ఒక సున్నా పోతే జరిగే నష్టం వేరే చెప్పనక్కర్లేదు. పదేళ్ల పాత ఫైళ్లన్నిటినీ ఒక్కసారిగా మార్చాలని కూర్చుంటే పని ఎప్పటికీ మొదలవదు. ఈ రోజు అమలులో ఉన్న ప్రకటనలు, దరఖాస్తులు, ఫీజులు, చిరునామా, ఫోన్ నంబర్లు ముందు; మిగతావి ఎవరైనా అడిగినప్పుడు.

రెండో మెట్టు: పేజీ భాషను ప్రకటించండి

వెబ్ పేజీ కోడులో అన్నిటికన్నా పైన ఉండే హెచ్‌టీఎంఎల్ ట్యాగుకు లాంగ్ అనే గుణం ఉంటుంది. తెలుగు పేజీకి దాని విలువగా టీ, ఈ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు రాయాలి. కోడులో ఇది ఒక్క మాట పని, ఫలితం మాత్రం పెద్దది. స్క్రీన్ రీడర్ ఏ గొంతుతో చదవాలో నిర్ణయించుకునేది ఈ గుణాన్ని చూసే. ఇంగ్లీషు వారి కోసం తయారైన థీమును తెచ్చి అందులో తెలుగు నింపేవారు ఈ చోటును మరచిపోతారు, పేజీ తాను ఇంగ్లీషునని చెప్పుకుంటూనే ఉంటుంది. అప్పుడు ఇంగ్లీషు గొంతు తెలుగు అక్షరాలను దాటేసి అంకెలూ విరామచిహ్నాలూ మాత్రమే చదవవచ్చు, లేదా ఒక్కో అక్షరాన్నీ పేరు పెట్టి పిలవవచ్చు. వర్డ్‌ప్రెస్ వాడేవారికి కోడు ముట్టుకోవలసిన అవసరం కూడా ఉండదు: సెట్టింగ్స్‌లో జనరల్ అనే చోట సైటు భాషను తెలుగుగా మార్చితే సరిపోతుంది, నిర్వాహకుల తెరలు ఇంగ్లీషులోనే ఉండాలనుకుంటే వారి ప్రొఫైల్‌లో విడిగా ఎంచుకోవచ్చు.

తెలుగు పేజీ మధ్యలో ఇంగ్లీషు లిపిలో ఒక పేరానో, ఉల్లేఖనో వస్తే ఆ భాగానికి మాత్రం ఇంగ్లీషు అని గుర్తు పెట్టాలి. తెలుగు లిపిలో రాసిన బస్సు, బ్యాంకు, కంప్యూటరు వంటి మాటలకు ఏ గుర్తూ అక్కర్లేదు. పేర్లకూ సాంకేతిక పదాలకూ ప్రమాణమే మినహాయింపు ఇస్తోంది. ప్రతి ఇంగ్లీషు మాటకూ గుర్తు తగిలిస్తే వాక్యంలో నాలుగుసార్లు గొంతు మారి వినేవారికి విసుగు పుడుతుంది. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసే అలవాటు మాత్రం ఏ గొంతుకూ లొంగదు. సైటులో దానికి చోటివ్వకండి.

చెవికి ఎలా వినిపిస్తుందో కూడా ఒకసారి ఆలోచించాలి. పది అంకెల ఫోన్ నంబరును కలిపి రాస్తే కొన్ని గొంతులు దాన్ని కోట్లలో లెక్కగా చదువుతాయి. అయిదేసి అంకెలుగా విడదీసి రాస్తే విన్నవారు రాసుకోగలరు. 5/6/2025 అని రాస్తే అది జూన్ అయిదో, మే ఆరో తెలియదు కాబట్టి నెల పేరు అక్షరాల్లో రాయండి. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్ వంటి మాటల లోపల కనిపించకుండా ఉండే విడదీత గుర్తును కొందరు రచయితలు వాడతారు, కొందరు వాడరు. సైటంతటా ఒకే పద్ధతి పాటించకపోతే వెతుకు పెట్టెలో ఒక రూపం టైపు చేసినవారికి రెండో రూపం దొరకకపోవచ్చు.

మూడో మెట్టు: పేజీకి ఎముకల గూడు

కళ్లున్నవారు పేజీని పైనుంచి కిందికి ఒక్క చూపులో జల్లెడ పట్టి తమకు కావలసిన చోట ఆగుతారు. స్క్రీన్ రీడర్ వాడేవారు అదే పనిని శీర్షికల మీదుగా దూకుతూ చేస్తారు. విండోస్ కంప్యూటర్లలో ఉచితంగా వాడుకోగల ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌లో హెచ్ మీట నొక్కితే తరువాతి శీర్షికకూ, కె నొక్కితే తరువాతి లింకుకూ, ఎఫ్ నొక్కితే ఫారంలోని తరువాతి గడికీ, టి నొక్కితే తరువాతి పట్టికకూ వెళ్తారు. అక్షరాలను పెద్దవి చేసి బోల్డ్ పెట్టినంతమాత్రాన అది శీర్షిక కాదు; శీర్షిక ట్యాగు ఉండాలి. పేజీ పేరుకు మొదటి స్థాయి, విభాగాలకు రెండో స్థాయి, ఉపవిభాగాలకు మూడో స్థాయి వాడుతూ, అక్షరం పరిమాణం నచ్చిందని రెండో స్థాయి నుంచి నాలుగో స్థాయికి దూకకుండా ఉంటే చాలు. పేజీ తల, మెనూ, ప్రధాన భాగం, పాదం అనే నాలుగు భాగాలకు హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న హెడర్, నావ్, మెయిన్, ఫుటర్ ట్యాగులనే వాడండి.

లింకుల విషయంలో మన సైట్లన్నిటికీ ఒక జబ్బు ఉంది: ‘ఇక్కడ క్లిక్ చేయండి’. స్క్రీన్ రీడర్ వాడేవారు పేజీలోని లింకులన్నిటినీ ఒక జాబితాగా తెప్పించుకోగలరు. ఆ జాబితాలో పదిహేను సార్లు ‘ఇక్కడ’ అని వినిపిస్తే ఏది దేనికో ఎవరు చెప్పగలరు? ‘డిగ్రీ ప్రవేశాల ప్రకటన కోసం ఇక్కడ క్లిక్ చేయండి’ అని రాసే బదులు ‘డిగ్రీ ప్రవేశాల ప్రకటన, పీడీఎఫ్, 2 ఎంబీ’ అనే మాటలనే లింకు చేస్తే వాక్యమూ కుదురుతుంది, దిగుమతి కాబోయేది ఎంత పెద్దదో ముందే తెలుస్తుంది. పట్టికలలో నిలువు వరుసల పేర్లను తల గడులుగా గుర్తించండి, లేకపోతే మార్కుల జాబితాలో 67 అనే అంకె ఏ సబ్జెక్టుదో వినేవారికి అంతుపట్టదు. పేజీని అందంగా సర్దడం కోసం పట్టికలు వాడే పాత అలవాటు ఇంకా మిగిలి ఉంటే దాన్ని వదిలేయండి.

నాలుగో మెట్టు: మౌస్ పక్కన పెట్టండి

మౌస్ తీగ ఊడదీసి, ట్యాబ్ మీటతో ముందుకూ, షిఫ్ట్ పట్టుకొని ట్యాబ్‌తో వెనక్కూ జరుగుతూ, ఎంటర్‌తోనూ స్పేస్‌తోనూ నొక్కుతూ సైటులో ఒక పూర్తి పని చేసి చూడండి: పుస్తకం వెతకడం, దరఖాస్తు పంపడం, డబ్బు కట్టడం. అరగంటలో సైటు బండారం బయటపడుతుంది.

తరచుగా దొరికే లోపాలు ఇవి. ట్యాబ్ ఎక్కడుందో చూపించే గీతను, అందం చెడుతుందని డిజైనర్లు తీసేస్తారు. తీయనే వద్దు, నచ్చకపోతే ఇంకా స్పష్టమైన గీతను పెట్టండి. డివ్ అనే ఖాళీ పెట్టెకు రంగు వేసి, క్లిక్ తగిలించి బటన్ అనిపిస్తారు. మౌస్‌కు అది బటనే, కీబోర్డుకు అది లేనే లేదు. బటన్ ట్యాగు వాడితే కీబోర్డు, స్క్రీన్ రీడర్ రెండూ ఏ అదనపు శ్రమా లేకుండా దాన్ని గుర్తిస్తాయి. మౌస్ పైన పెట్టినప్పుడు మాత్రమే తెరుచుకునే మెనూలు ఫోనులోనూ పనికిరావు, కీబోర్డుకూ పనికిరావు. ఎగిరి వచ్చే పెట్టె తెరుచుకున్నప్పుడు ట్యాబ్ దాని లోపలికి వెళ్లాలి, ఎస్కేప్ మీటతో మూతపడాలి, మూతపడ్డాక మొదట ఉన్న చోటికే తిరిగి రావాలి. బ్రౌజర్లలో ఇప్పుడున్న డైలాగ్ ట్యాగును సరైన పద్ధతిలో తెరిస్తే ఇందులో చాలా భాగం దానంతటదే జరుగుతుంది.

ముప్పై లింకుల మెనూ ప్రతి పేజీలోనూ ముందే ఉంటే, అసలు విషయం చేరడానికి ప్రతిసారీ ముప్పైసార్లు ట్యాబ్ నొక్కాలి. పేజీ మొదట్లో ‘నేరుగా విషయానికి వెళ్లండి’ అనే లింకు ఒకటి పెట్టండి; ట్యాబ్ దాని మీదికి వచ్చినప్పుడు మాత్రమే కనిపించేలా చేసినా ఫరవాలేదు. వేళ్లు వణికేవారి కోసం బటన్లూ గుర్తులూ కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, ఎత్తు ఉండాలని డబ్ల్యూసీఏజీ 2.2 కోరుతోంది. ఫోను తెర మీద నేనైతే అంతకు రెట్టింపు ఉంచుతాను.

అయిదో మెట్టు: ఫారాలు

చదవడానికి వచ్చిన మనిషి కొంత కష్టపడి అయినా చదువుకుంటాడు. ఫారం నింపలేనివాడికి మాత్రం ఉపకారవేతనమే పోతుంది, టికెట్టే దొరకదు. అందుకే ఈ మెట్టు మీద ఎక్కువ సమయం గడపాలి.

ప్రతి గడికీ ఒక లేబుల్ ఉండాలి. ఆ లేబుల్ కోడులోనూ ఆ గడికే ముడిపడి ఉండాలి. గడి లోపల లేత రంగులో కనిపించి, టైపు చేయగానే మాయమయ్యే మాటలు లేబుల్‌కు బదులు కావు: మరచిపోయినవారు మళ్లీ చూసుకోవాలంటే టైపు చేసింది చెరిపేయాలి. తప్పనిసరిగా నింపాల్సిన గడులను ఎర్ర చుక్కతో సరిపెట్టకుండా ‘తప్పనిసరి’ అనే మాట రాయండి. పేరు, ఫోను, చిరునామా గడులకు ఆటోకంప్లీట్ గుణం సరిగా ఇస్తే బ్రౌజరే నింపిపెడుతుంది. టైపు చేయడం కష్టమైనవారికి అది పెద్ద ఊరట.

తప్పు దొర్లినప్పుడు చెప్పే తీరు కూడా ముఖ్యం. ‘చెల్లని విలువ’ అనే సందేశం ఎవరికీ ఉపయోగపడదు. ‘ఫోన్ నంబరులో 10 అంకెలు ఉండాలి, మీరు 9 ఇచ్చారు’ అంటే ఏం చేయాలో తెలుస్తుంది. ఆ సందేశం గడి పక్కనే కనిపించాలి, కోడులో ఆ గడికి జతపడి ఉండాలి, పంపు బటన్ నొక్కగానే ట్యాబ్ నేరుగా మొదటి తప్పు దగ్గరికి వెళ్లాలి. ఒక్క గడిలో తప్పుందని మిగతా ఇరవై గడులను ఖాళీ చేసే ఫారాలు ఎవరికైనా చిరాకు తెప్పిస్తాయి. ఒక్కో గడినీ చెవితో విని నింపినవారికి అది శిక్ష.

వంకర అక్షరాల కాప్చా, గడువు తీరే ఓటీపీ, నిశ్శబ్దంగా ముగిసిపోయే సెషన్: ఈ మూడూ కలిసి అంధులను ఎన్నో సేవల బయటే నిలబెడుతున్నాయి. కాప్చా లేకుండా స్పామును అడ్డుకునే పద్ధతులు ఉన్నాయి, వాటిని ముందు ప్రయత్నించండి. తప్పదనుకుంటే వినగలిగే రూపం కూడా ఇవ్వండి. గడువు ముగిసేలోగా హెచ్చరించి, ఒక్క మీటతో పొడిగించుకునే వీలు కల్పించండి. పాస్‌వర్డు గడిలోనూ ఓటీపీ గడిలోనూ పేస్ట్ చేయడాన్ని ఆపకండి. ముఖం చూపి కళ్లు ఆర్పమనే గుర్తింపు తనిఖీలు ఎవరిని బయట ఉంచుతాయో అన్న సంగతి సుప్రీంకోర్టు వరకు వెళ్లింది: యాసిడ్ దాడి బాధితులు, అంధులు వేసిన పిటిషన్ల మీద 2025 ఏప్రిల్ 30న ఇచ్చిన తీర్పులో డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది.

ఆరో మెట్టు: మందగించిన చూపు, ఒత్తుల లిపి

అక్షరం రంగుకూ వెనక రంగుకూ మధ్య తేడాను నిష్పత్తిగా కొలుస్తారు. మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. తెల్లని నేల మీద 767676 అనే కోడున్న బూడిద రంగు 4.54తో గట్టెక్కుతుంది, దానికంటే కాస్తంత లేతదైన 777777 మాత్రం 4.48తో తప్పుతుంది. ఈ రెండింటి మధ్య తేడా మామూలు కంటికి తెలియదు, కాబట్టి కంటిని నమ్మకుండా ఉచితంగా దొరికే కాంట్రాస్ట్ పరికరాలతో కొలవండి. రంగొక్కటే అర్థం చెప్పకూడదు: ఖాళీ సీట్లు ఆకుపచ్చ, నిండినవి ఎరుపు అని వదిలేస్తే, ఆ రెండు రంగులను వేరుచేయలేనివారికి అన్నీ ఒకటే.

ఇంగ్లీషు కొలతలు తెలుగుకు సరిపోవు. అక్షరం పైన గుడి, తలకట్టు. కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద మరో ఒత్తు. ఇంగ్లీషుకు 16 పిక్సెళ్లు చాలిన చోట తెలుగుకు 18 అయినా ఇవ్వండి, వరుసల మధ్య దూరం అక్షరం పరిమాణానికి 1.6 నుంచి 1.8 రెట్లు ఉంచండి. బటన్లకూ పెట్టెలకూ కచ్చితమైన ఎత్తు బిగిస్తే కింది ఒత్తులు తెగిపోతాయి. ‘రాష్ట్రం’, ‘స్త్రీలు’, ‘సంస్కృతి’, ‘కీర్తి’ అనే మాటలను ప్రతి బటన్‌లోనూ, ప్రతి శీర్షికలోనూ పెట్టి చూస్తే ఎక్కడ తెగుతుందో వెంటనే కనిపిస్తుంది. వాలు అక్షరాలు తెలుగు ముద్రణ సంప్రదాయంలోనివి కావు. బ్రౌజరు బలవంతంగా వాల్చిన తెలుగు చదవడం కష్టం, నొక్కి చెప్పాలంటే బోల్డ్ చాలు. అదీ ఫాంటులో నిజంగా ఉన్న బోల్డ్ అయి ఉండాలి. బ్రౌజరు తానే లావు చేసిన అక్షరాల్లో సున్నాలూ గుండ్రాలూ పూడుకుపోతాయి. పేరాలకు నోటో శాన్స్ తెలుగు, మండలి వంటి తేటైన ఫాంట్లను వాడి, అలంకారపు ఫాంట్లను శీర్షికలకు పరిమితం చేయండి.

తరువాత బ్రౌజరులో జూమ్‌ను 400 శాతానికి పెంచండి. 1280 పిక్సెళ్ల తెర అప్పుడు 320 పిక్సెళ్ల వెడల్పున్న ఫోనులా ప్రవర్తించాలి. పాఠం ఒకే నిలువు వరుసలోకి సర్దుకోవాలే గానీ పక్కకు జరుపుతూ చదవాల్సిన అవసరం రాకూడదు. సంధులూ సమాసాలూ కలిసి మన మాటలు పొడవవుతాయి కాబట్టి, పొడవాటి మాట పెట్టె దాటిపోకుండా విరిగేలా ఓవర్‌ఫ్లో ర్యాప్ గుణాన్ని ఇవ్వండి. ఫోనులో రెండు వేళ్లతో పేజీని పెద్దది చేసుకోనివ్వకుండా అడ్డుకునే వ్యూపోర్ట్ సెట్టింగు ఎక్కడైనా ఉంటే తీసేయండి.

ఇక పరుగెత్తే అక్షరాలు. తాజా వార్తలను తెర మీద కుడి నుంచి ఎడమకు పరుగెత్తించడం మన కార్యాలయాల సైట్లకు ఎందుకో వదలని మోజు. అయిదు సెకన్లకు మించి తనంతట తానే కదిలేది ఏదైనా, పక్కన వేరే విషయం ఉన్నప్పుడు, ఆపుకునే బటన్ ఉండాలని ప్రమాణం చెబుతుంది. నా మాట వింటే దాన్ని పూర్తిగా తీసేసి, తేదీలతో కూడిన మామూలు జాబితా పెట్టండి. కళ్లు బాగున్నవారు కూడా సంతోషిస్తారు. సెకనుకు మూడుసార్లకు మించి మెరిసే బొమ్మలు మూర్ఛవ్యాధి ఉన్నవారికి ప్రమాదం. వాటికి చోటే లేదు.

ఏడో మెట్టు: చిత్రాలు, వీడియోలు

ప్రతి చిత్రానికీ ఆల్ట్ అనే గుణం ఉండాలి. అందులో రాయాల్సింది చిత్రం ఎలా ఉందన్నది కాదు, ఆ పేజీలో అది ఏం చెబుతోందన్నది. ప్రిన్సిపాల్ పరిచయం పక్కన ఫోటోకు ఆమె పేరు చాలు. చీర రంగు అక్కర్లేదు. చేనేత చీరలు అమ్మే సైటులో అయితే ఆ రంగు, అంచు, పోగు వివరాలే అసలు సమాచారం. అలంకారానికి పెట్టిన లతల గీతకు ఆల్ట్‌ను ఖాళీగా ఉంచాలి, తీసేయకూడదు. తీసేస్తే కొన్ని స్క్రీన్ రీడర్లు ఫైలు పేరు చదువుతాయి. చిత్రమే లింకు అయితే అది ఎక్కడికి తీసుకెళ్తుందో రాయండి. ‘చిత్రం’, ‘ఫోటో’ అనే మాటలతో మొదలుపెట్టనక్కర్లేదు, ఆ సంగతి స్క్రీన్ రీడరే చెబుతుంది.

వీడియోలకు క్యాప్షన్లు కావాలి. యంత్రం తయారుచేసినవాటిని చిత్తుప్రతిగా తీసుకొని మనిషి దిద్దాలి, ఎందుకంటే ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు, మాండలికపు మాటలు తప్పుతాయి. తెర మీద అంకెలో పటమో చూపిస్తూ ‘ఇది ఇంత పెరిగింది’ అని మాట్లాడేవారు ఆ అంకెను నోటితో కూడా చెబితే, అంధుల కోసం విడిగా వర్ణన చేర్చే పని చాలావరకు తప్పుతుంది. ఆడియో మాత్రమే ఉన్నచోట పూర్తి పాఠం ఇవ్వండి. సంజ్ఞాభాషే మాతృభాష అయిన బధిరులకు రాసిన తెలుగు రెండో భాష అవుతుందని గుర్తుంచుకొని, ముఖ్యమైన ప్రకటనలకు భారతీయ సంజ్ఞాభాషలో వీడియో చేర్చగలిగితే మంచిది.

ఎనిమిదో మెట్టు: ఏరియా, అతికింపు పరికరాలు

ఏరియా (ARIA) అనే గుణాల సముదాయం ఉంది. హెచ్‌టీఎంఎల్‌లో లేని కొత్తరకం పరికరాలను స్క్రీన్ రీడర్‌కు పరిచయం చేయడం దాని పని. దాని మొదటి నియమం, మామూలు ట్యాగుతో జరిగే పనికి దాన్ని వాడవద్దన్నదే. పైపైన తెలిసిన చేతుల్లో అది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

పేజీ మూలన చక్రాల కుర్చీ గుర్తుతో కనిపించే అతికింపు పరికరాలను గురించి కూడా ఒక మాట. ఒక్క వరుస కోడు చేర్చితే సైటు దానంతటదే ప్రమాణాలకు సరిపోతుందని అమ్ముతారు. అలాంటి వాగ్దానాలు చేసిన ఒక కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో చర్య తీసుకొని 10 లక్షల డాలర్లు కట్టించింది. అక్షరాలు పెంచే బటన్, రంగులు మార్చే బటన్ బ్రౌజరులోనూ ఫోనులోనూ ఇప్పటికే ఉన్నాయి. ఆ డబ్బును ఫారాలు బాగుచేయడానికి ఖర్చు పెట్టండి.

తొమ్మిదో మెట్టు: పరీక్షించడం

మొదట యంత్రాలతో మొదలుపెట్టవచ్చు. వేవ్, యాక్స్, క్రోమ్‌లోనే ఉండే లైట్‌హౌస్ అనే తనిఖీ పరికరాలు ఉచితంగా దొరుకుతాయి. ప్రపంచంలో ఎక్కువగా చూసే పది లక్షల సైట్ల మొదటి పేజీలను వెబ్‌ఎయిమ్ అనే సంస్థ ఏటా ఇలాగే పరీక్షిస్తుంది, 2025లో 94.8 శాతం పేజీలలో లోపాలు దొరికాయి. వాటిలో అత్యధికం ఆరే రకాలు: చాలని కాంట్రాస్ట్, ఆల్ట్ లేని చిత్రాలు, లేబుల్ లేని గడులు, ఖాళీ లింకులు, ఖాళీ బటన్లు, ప్రకటించని భాష. ఈ ఆరూ కష్టమైన పనులు కావు. అయితే యంత్రం ఆల్ట్ ఉందో లేదో చెబుతుంది గానీ అందులో రాసింది అర్థవంతంగా ఉందో లేదో చెప్పదు; పోస్టరు బొమ్మలో దాగిన దరఖాస్తు గడువును అది పట్టుకోలేదు. మంచి మార్కులు వచ్చాయని అక్కడితో ఆగిపోకండి.

తరువాత స్క్రీన్ రీడర్‌ను మీరే వాడండి. విండోస్‌లో ఎన్‌వీడీఏ పెట్టుకొని, దానితో వచ్చే ఈస్పీక్ గొంతులలో తెలుగును ఎంచుకోండి; ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ ఆన్ చేసి గూగుల్ తెలుగు గొంతు పెట్టుకోండి. తెలుగు పాఠకులు సైట్లను ఎక్కువగా తెరిచేది ఫోనులోనే కాబట్టి ఈ రెండోదాన్ని వదలకూడదు. టాక్‌బ్యాక్‌లో వేలితో కుడికి తోస్తే తరువాతి అంశానికి వెళ్తుంది, రెండుసార్లు తడితే నొక్కినట్టు. ఈస్పీక్ గొంతు మొదట యంత్రంలా కర్కశంగా వినిపిస్తుంది. అలవాటైనవారు దాన్నే మనం అందుకోలేనంత వేగంగా వింటారు.

ఆపైన నిజమైన వాడుకరులను పిలవండి. వారి సొంత ఫోను, సొంత కంప్యూటరు, వారికి అలవాటైన సెట్టింగులతోనే పని చేయనివ్వండి. ‘సైటు ఎలా ఉంది’ అని అడిగితే మర్యాదకు బాగుందంటారు. ‘ఈ పుస్తకం గ్రంథాలయంలో ఉందో లేదో కనుక్కోండి’ అని పని అప్పగించి, మధ్యలో దారి చెప్పకుండా, ఎక్కడ ఆగారో రాసుకోండి. వారు ఇస్తున్నది నైపుణ్యం, అందుకు తగిన రుసుము చెల్లించండి.

పదో మెట్టు: యాజమాన్యాన్ని ఒప్పించడం, పని నిలబెట్టడం

ఖర్చెందుకని అడిగే యాజమాన్యానికి చట్టం చూపించవచ్చు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని 42వ సెక్షన్ డిజిటల్ సమాచారం అందుబాటులో ఉండాలని చెబుతుంది, 89వ సెక్షన్ ఉల్లంఘనకు మొదటిసారి 10 వేల రూపాయల వరకు, మళ్లీ జరిగితే 50 వేల నుంచి 5 లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టింది. భారతీయ ప్రమాణాల సంస్థ ఈ రంగానికి ఐఎస్ 17802 అనే ప్రమాణం తెచ్చింది. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల మూడో కూర్పు డబ్ల్యూసీఏజీ 2.1 డబుల్ ఏను అనుసరిస్తుంది. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు నియమాలు ఐచ్ఛిక సూచనలుగా మిగలకూడదనీ, తప్పనిసరి కనీస ప్రమాణాలు ఉండాలనీ తేల్చి చెప్పింది. ఐరోపాకు సేవలమ్మే హైదరాబాదు కంపెనీలకు ఇంకో కారణం కూడా ఉంది: అక్కడి యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి అమలులోకి వచ్చింది.

బాగుచేసిన సైటు మళ్లీ పాడయ్యేది సాధారణంగా డెవలపర్ చేతుల్లో కాదు, రోజూ ప్రకటనలు ఎక్కించే గుమాస్తా చేతుల్లో. ఆయనకు పైని పది మెట్లూ నేర్పనక్కర్లేదు. బొమ్మగా కాక పాఠంగా పెట్టడం, శీర్షికకు శీర్షిక ట్యాగు వాడటం, లింకుకు అర్థమయ్యే పేరు పెట్టడం, ఆల్ట్ రాయడం అనే నాలుగింటిని ఒక పూట కూర్చోబెట్టి చూపించి, అవి లేకుండా ప్రచురించు బటన్ పనిచేయకుండా సాఫ్ట్‌వేర్‌లోనే ఏర్పాటు చేయించండి. కొత్త సైటు కట్టించేవారు డబుల్ ఏ స్థాయిని ఒప్పంద పత్రంలోనే రాయించి, స్క్రీన్ రీడర్‌తో చేసిన పరీక్ష నివేదిక చేతికి వచ్చాకే చివరి వాయిదా చెల్లించాలి.

ప్రతి పేజీ పాదంలో ‘అందుబాటు’ అనే లింకు పెట్టి, సైటులో ఏయే భాగాలు ఇంకా సరిగా లేవో దాచకుండా రాయండి: ఫలానా సంవత్సరానికి ముందరి ప్రకటనలు స్కాన్ ప్రతులుగానే ఉన్నాయి, అడిగితే ఇన్ని రోజుల్లో టైపు చేసి పంపుతాం, అని. అడగడానికి ఒక ఫోన్ నంబరు, ఒక ఈమెయిల్, వాటికి జవాబు చెప్పే ఉద్యోగి హోదా అక్కడే ఉండాలి. ఆ ఫోను ఎవరైనా ఎత్తుతున్నారో లేదో నెలకోసారి మీరే చేసి చూడండి.